దెబ్బ వల్ల వచ్చింది కాదు

ఆదివారం మధ్యాహ్నం మా అన్న క్రుమ్, మా చెల్లెలి మొగుడు దోయ్చిన్ కుడి చెయ్యి విరగ్గొట్టాడు. పొగాకు ఆరబెట్టే చట్రం నుంచి ఊడబెరికిన బద్దతో మూడు దెబ్బలు వేశాడు. మొదటిది వీపు మీద, రెండోది మోకాలి వెనక పడ్డాయి. మూడోది నెత్తిన పడబోతుంటే దోయ్చిన్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అతని ఇంటి వాకిట్లో ఉన్న అందరికీ వినపడింది. మా తమ్ముడు స్తోయిల్ అతని జుట్టు పట్టుకుని మొహాన్ని మట్టిలో అదిమాడు.

"ఏడేళ్ళ పిల్ల పళ్ళు కదిలిపోయేట్టు కొడతావురా? నీ పళ్ళు ఏరి నీ జేబులోనే వేస్తాను, ఉండు," అంటూ బూటుకాలితో నోటి మీద తన్నాడు.

దోయ్చిన్ తల్లి గీనా వంటింటి గుమ్మం దాటి రాలేదు. చేతులు పిండితో ఉన్నాయి. "చంపకండి నాయనా. పొగాకు కోతకి మనిషి లేడు," అంది. ఏడుస్తూనే అంది గానీ, అన్నది ఆ మాటే.

నేను ఆ సమయంలో పెరట్లో మా చెల్లెలు నెవెనా పక్కన కూర్చుని ఆమె కూతురు బిల్యానా నోట్లోకి టార్చి వేసి చూస్తున్నాను. ఎడమ దవడ కోడిగుడ్డంత ఉబ్బి ఉంది. మూడు వారాల క్రితం పొగాకు ఆకులు గుచ్చే సూది ఎక్కడో పారేసిందని దోయ్చిన్ ఆ చెంప మీదే కొట్టాడు. వారం తిరక్కుండా వాపు మొదలైంది. గీనా రకియా సారాలో తడిపిన ఉన్ని కట్టింది, క్యాబేజీ ఆకు వేడిచేసి కట్టింది. వాపు పెరిగింది. రెండు దవడ పళ్ళు కదిలాయి. పళ్ళ డాక్టరు ఒకటి పీకి, "ఈ వయసులో ఇవి ఊరికే కదలవు. ఎవరో గట్టిగా కొట్టి ఉండాలి," అన్నాడు. ఆ ఒక్క మాట మా అన్నదమ్ములకు చాలింది.

పన్ను పీకిన గుంట నాలుగు రోజుల్లో మాంసంతో నిండిపోయింది. గుంట అంచు దాటి నాలుక వైపు పొంగింది. నేను ప్లొవ్‌దీవ్‌లో జీవశాస్త్రం చదివాను. చదువు అయిన ఏడాదే పెళ్ళయి, ఇరవై రెండేళ్ళుగా ఇల్లు చూసుకుంటున్నాను. అయినా దెబ్బ వాపు రోజురోజుకీ తగ్గాలి తప్ప పెరగకూడదని తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. ఆ పొద్దున క్రుమ్‌తో అదే అన్నాను.

"నువ్వెళ్ళి మిరపకాయలు కాల్చుకో జివ్కా. ఇది మగవాళ్ళ పని," అన్నాడు.

వాళ్ళు ఆ పని చేసుకుంటూ ఉండగా నేను పిల్లనీ నెవెనానీ కారెక్కించి ప్లొవ్‌దీవ్ ఆసుపత్రికి తీసుకుపోయాను.

సోమవారం పిల్లని వార్డులో చేర్చుకుని, పరీక్ష కోసం వాపులోంచి చిన్న ముక్క తీశారు. ఫారంలో ఫోన్ నంబరు నాదే రాశాను, చదువు కూడా రాశాను. అందుకే కావచ్చు, బుధవారం పాథాలజీ డాక్టరమ్మ తెర్జీవా నన్నే పిలిచింది. అరవై దాటిన మనిషి. బల్ల మీద ఒక్క కాగితం కూడా వంకరగా లేదు. "కూర్చోండి. మైక్రోస్కోపు చూసి ఎన్నేళ్ళయింది?" అంది.

"ఇరవై మూడేళ్ళు."

"ఏం మారలేదు. కన్ను పెట్టి, ఏం కనబడుతోందో చెప్పండి."

నీలంగా, నల్లగా, ఒకదానినొకటి నెట్టుకుంటున్న కణాలు. అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడ తెల్లటి ఖాళీలు ఉన్నాయి. చెప్పాను.

"ఆ తెల్లవి శవాలు తినే కణాలు," అంది. "పుట్టినవి పుట్టినట్టే చచ్చిపోతుంటే తినడానికి వచ్చాయి. మేం దీన్ని చుక్కల ఆకాశం అంటాం. పేరు పెట్టినవాడు ఈ పిల్లని చూడలేదు." ఇంకో గాజు పలక పెట్టింది. ఈసారి కణాల కేంద్రకాలన్నీ గోధుమరంగు. "ఇది మిక్. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరు. చదివారుగా?"

చదివాను. ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. వాటిలో ఏది ఇప్పుడు పనిచేయాలో, ఏది నోరు మూసుకోవాలో నిర్ణయించే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. పరీక్షలో పది మార్కులకు రాశాను కూడా.

"పెరుగు, రెండుగా చీలు అని ఆజ్ఞలిచ్చే జన్యువుల్ని ఇది లేపుతుంది," అంది తెర్జీవా. "మామూలు కణంలో దీని ఆయుష్షు అరగంట. వస్తుంది, చెబుతుంది, పోతుంది. ఇక్కడ పోవడం లేదు. ఒకటి పోయేలోపు మరో పది తయారవుతున్నాయి. వందలో తొంభై తొమ్మిది కణాలు చీలుతూనే ఉన్నాయి. బర్కిట్ లింఫోమా అనే క్యాన్సరని నా అనుమానం. మన దగ్గర ఎక్కువగా కడుపులో వస్తుంది. దవడలో అరుదు."

"చెంప మీద కొడితే వస్తుందా?"

ఆమె కళ్ళజోడు తీసింది. కారిడార్లో నెవెనాని చూసినట్టుంది. ఎవరు అడిగిస్తున్నారో కూడా అర్థమైనట్టుంది.

"యాంటీబాడీలు తయారుచేయడం కోసం ఈ కణాలు తమ డీఎన్ఏని తామే కోసుకుని అతికించుకుంటాయి. ఎప్పుడో ఒక కణం తప్పు ముక్క అతికించుకుంటుంది. మిక్ జన్యువు తన చోటు నుంచి తెగి, ఎప్పుడూ ఆగకుండా పనిచేసే యాంటీబాడీ జన్యువు పక్కన పడుతుంది. ఆ పక్కవాడి ఊపుతో ఇదీ ఆగదు. అరచెయ్యి క్రోమోజోముని తెంచలేదమ్మా. అదే జరిగిందో లేదో సోఫియాలో పరీక్ష చేస్తారు. దిమ్మ మీరే తీసుకెళ్ళాలి."

మా దేశంలో అంతే. రోగి శరీరంలోంచి తీసిన ముక్కని మైనపు దిమ్మలో పోసి, కాగితం చుట్టి, ఇంటివాళ్ళ చేతికే ఇస్తారు. ఇంటివాళ్ళే బస్సెక్కి ఇంకో ఊళ్ళో ఇచ్చి వస్తారు. "కారు అద్దం దగ్గర ఎండలో పెట్టకండి," అని మాత్రం చెప్పింది.

"ఎన్నాళ్ళు ఆగొచ్చు?" అని అడిగాను.

"రోజున్నరలో రెట్టింపవుతుంది. మీరే లెక్క వేసుకోండి. మందుకి లొంగే జబ్బు ఇది, బాగా లొంగుతుంది. ఊపిరి గొట్టం మూసుకుపోకముందు మొదలుపెట్టాలి."

పై అంతస్తులో పిల్లల వార్డు డాక్టరు మమ్మల్ని ఆపాడు. దోయ్చిన్ తన కజిన్ వకీలు చేత ఉత్తరం పంపించాడు. తండ్రి సంతకం లేకుండా నా కూతురికి ఏ మందూ ఎక్కించకూడదు, ఎక్కిస్తే కేసు వేస్తాను అని. కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవచ్చట. వారం పడుతుందట.

నేను తిన్నగా దోయ్చిన్ ఇంటికి వెళ్ళాను. అతను మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. గీనా గొర్రెని కోయించి, ఇంకా వెచ్చగా ఉన్న తోలుని రక్తం వైపు లోపలికి పెట్టి వీపుకి చుట్టింది. దెబ్బలు తిన్నవాళ్ళకు అలా చుడితే నెత్తురు గడ్డకట్టదని మా వైపు నమ్మకం. చేతికి పిండికట్టు. గదంతా కొవ్వు వాసన, ఈగలు.

"వచ్చావా వదినా. చచ్చానో లేదో చూసుకోడానికా?" పై పెదవి చీలి ఉండడంతో మాట ఊదినట్టు వస్తోంది.

"సంతకం కోసం వచ్చాను. నీ కూతురికి క్యాన్సరు."

తల నా వైపు తిప్పాడు. "అయితే అది నా చేతి వల్ల కాదన్నమాట."

పిల్ల బతుకుతుందా అని అడుగుతాడేమోనని చూశాను. అడిగాడు, కాని తన చేతి వల్ల కాదు కదా అనే, రెండోసారి. "కాదు," అన్నాను. "ఆ వాపు నీ వల్ల కాదు."

"సంతకం పెడతాను. మీ అన్నా తమ్ముడూ వచ్చి ఆ వాకిట్లో నిలబడాలి. నేను చేసింది కాదని నువ్వు కాగితం చూసి చదవాలి. ఊళ్ళో నలుగురూ వినాలి. అప్పుడు."

"నువ్వు పిల్లని కొట్టలేదా?"

"కొట్టాను. ఎవరు కొట్టరు? మీ నాన్న నిన్ను కొట్టలేదా?"

"కొట్టాడు."

"ఏం, చచ్చావా?"

గీనా గొర్రె తోలు అంచులు సర్దుతూ, "నెవెనాని కూడా రమ్మను అమ్మాయ్. ఆవిడే కదా అన్నల్ని ఉసిగొల్పింది," అంది.

గురువారం దిమ్మని చేతిసంచిలో, రొమ్ముకి ఆనించుకుని సోఫియా వెళ్ళాను. గోరంత మాంసం. బస్సు వెళ్ళే రెండు గంటలూ అదేమీ పెరగడం లేదు, మైనంలో చచ్చిపడి ఉంది. పెరిగేది వార్డులో ఉంది. శుక్రవారం మధ్యాహ్నానికి ఫలితం ఫోన్లో చెప్పారు. జన్యువుకి రంగులు వేసి చూస్తే, పక్కపక్కన ఉండాల్సిన ఎర్ర చుక్క, పచ్చ చుక్క విడిపోయి ఉన్నాయి. మిక్ తెగింది.

నేను తెర్జీవాని రిపోర్టులో మరొక వాక్యం రాయమన్నాను. ఆమె పెన్ను తీసింది. "ముక్కలో గాయం తాలూకు గుర్తులేమీ లేవు, ఈ గడ్డ దెబ్బ వల్ల వచ్చింది కాదు. ఇంతవరకే రాస్తాను. అతను కొట్టలేదని రాయను," అంది.

"అది నేనూ అడగడం లేదు."

అదే సాయంత్రం వార్డు డాక్టరు నెవెనానీ నన్నూ లోపలికి పిలిచి తలుపు వేశాడు. జబ్బు ఎక్కడెక్కడ పాకిందో చూడడానికి పిల్లకి స్కాన్ తీశారు. ఛాతీలోకి పాకలేదు. కాని ఎడమ వైపు మూడు పక్కటెముకలు గతంలో విరిగి అతుక్కున్నాయి. మూడూ ఒకేసారి విరిగినవి కావు. ఈ సంగతి పిల్లల రక్షణ కార్యాలయానికి రాయక తప్పదని చెప్పి కాగితం నకలు ఇచ్చాడు.

నెవెనా కాగితం వైపు చూడలేదు. "రెండు నాకు తెలుసు. మూడోది తెలీదు," అంది.

బయట మెట్ల మీద నా మణికట్టు పట్టుకుంది. "అక్కా, మొదటి కాగితం చదవకు. దెబ్బ వల్లే వచ్చిందని చెప్పు. అన్నయ్య వాళ్ళు వాణ్ణి బతకనివ్వరు."

"సంతకం ఎవరు పెడతారు?"

"కోర్టు పెడుతుంది."

"వారంలో దానికి ఊపిరాడదే."

"నీకు తెలీదు. వాడి తప్పు లేదని తేలిందంటే మనవాళ్ళు వాడి కాళ్ళు పట్టుకుంటారు. నన్ను తీసుకెళ్ళి మళ్ళీ ఆ ఇంట్లో దింపేసి వస్తారు. పిల్లని కూడా. నయమయ్యాక పిల్లని కూడా అక్కా."

"రెండో కాగితం కూడా చదువుతాను."

"మొదటిది విన్నాక రెండోది వినే ఓపిక వాళ్ళకుండదు."

ఆమె చెప్పింది నిజం కావచ్చని నాకూ అనిపించింది. పక్కటెముకల కాగితం ముందు చదివితే సంతకం రాదు. అసలు చదవకపోతే చెల్లెలి గతి అంతే. ఏ ఒక్కటి మింగినా ఇద్దరిలో ఒకరు పోతారు. అందుకని రెండూ చదవాలి, సంతకం మధ్యలో పడాలి.

శనివారం పదింటికి అదే వాకిట్లో చేరారు. క్రుమ్, స్తోయిల్ గేటు దగ్గర నిలబడ్డారు. నెవెనా నా పక్కన నిలబడింది. ఇరుగుపొరుగువాళ్ళు కంచె పట్టుకుని చూస్తున్నారు. దోయ్చిన్‌ని బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, తల్లి వెనక నిలబడింది. ఆరోజుకి తోలు తీసేసింది. చొక్కా కింద వీపంతా ఊదారంగు.

నేను తెర్జీవా కాగితం మొత్తం చదివాను. అర్థం కాని మాటలు కూడా వదల్లేదు. చివరి వాక్యం రెండుసార్లు చదవమని దోయ్చిన్ అడిగాడు. చదివాను.

స్తోయిల్ నేల చూపులు చూశాడు. "అంటే ఊరికే తన్నామా?" అన్నాడు, ఎవరితోనో.

"ఊరికేనే," అన్నాడు దోయ్చిన్. "నాకు రెండు పళ్ళు పోయాయి స్తోయిల్. నువ్వు జేబులో వేస్తానన్నావు, వెయ్యలేదు. వెతుక్కో, ఇక్కడే ఎక్కడో ఉంటాయి."

కంచె అవతల ఎవరో నవ్వారు. క్రుమ్ మెడ ఎర్రబడింది. మనిషి కోపం ఎంత తొందరగా తెచ్చుకుంటాడో సిగ్గు కూడా అంత తొందరగా తెచ్చుకుంటాడు. బల్ల దగ్గరికి వచ్చి, "తప్పయిపోయింది బావా. పళ్ళ డాక్టరు మాట పట్టుకుని వచ్చాం," అన్నాడు. గీనా రకియా సీసా, గ్లాసులు తెచ్చి పోసింది.

"సంతకం," అన్నాను.

దోయ్చిన్ ఎడమ చేత్తో పెట్టాడు. కుడిచేతివాటం మనిషి, ఒక్కొక్క అక్షరం చెక్కినట్టు రాస్తుంటే వాకిలంతా ఆగి చూసింది. నేను కాగితం తీసుకుని సంచిలో పెట్టి, సంచీ, కారు తాళం నెవెనాకి ఇచ్చాను. "వెళ్ళి కూర్చో," అన్నాను.

క్రుమ్ ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు. "ఎక్కడికి? పిల్ల దగ్గరికి జివ్కా వెళ్తుంది. నువ్వు లోపలికెళ్ళి మీ ఆయనకి భోజనం పెట్టు. పాపం, చంపినంత పని చేశాం."

నెవెనా నా వైపు చూసింది. చెప్పానా అన్నట్టు చూడలేదు. చూసిందంతే.

నేను జేబులోంచి రెండో కాగితం తీసి, మొదటిది చదివిన గొంతుతోనే చదివాను. ఏడేళ్ళ ఆడపిల్ల, ఎడమ వైపు అయిదో, ఆరో, ఎనిమిదో పక్కటెముకలు విరిగి అతుక్కున్నాయి. ఒకటి సుమారు రెండేళ్ళ నాటిది, ఒకటి ఏడాది నాటిది, ఒకటి కొన్ని నెలల కిందటిది.

"పిల్లలు పడతారు," అంది గీనా.

"వదినా, మనం ఒక్క కాగితానికే కదా అనుకున్నాం," అన్నాడు దోయ్చిన్. సంతకం పెట్టాక ఎత్తిన గ్లాసు ఇంకా అతని ఎడమ చేతిలోనే ఉంది.

క్రుమ్ తన గ్లాసు బల్ల మీద పెట్టాడు. నెమ్మదిగా వంగి, దోయ్చిన్ పిండికట్టుని రెండు చేతులా పట్టుకుని, తడి బట్ట పిండినట్టు తిప్పాడు. దోయ్చిన్ అరుపు నోట్లోంచి రాలేదు, ముక్కులోంచి వచ్చింది. కుర్చీ వెనక్కి పడింది, అతనూ పడ్డాడు, క్రుమ్ వదల్లేదు. పిండికట్టు అంచు నుంచి రక్తం కారింది. స్తోయిల్ బూటు ఎత్తాడు.

"వదులు," అన్నాను.

"నువ్వే కదా చదివావు."

"నువ్వు తెలుసుకోవాలని చదివాను. కొట్టమని కాదు. ఇతను నీ చేతిలో చస్తే నువ్వు జైలుకి పోతావు. నెవెనా ఆసుపత్రికి పోవాలా, జైలుకి నీకు క్యారియరు మోయాలా?"

అతని చేతులు వదల్లేదు. అప్పుడు నెవెనా మాట్లాడింది. గేటు దాకా వెళ్ళినది వెనక్కి వచ్చి అన్నగారి ఎదురుగా నిలబడింది.

"ఆరు ఆగస్టులు నేను నీ బల్ల దగ్గర పొడుగు చేతుల చొక్కాతో కూర్చున్నాను. ఉక్కకి అందరూ బనియన్ల మీదున్నారు. చలేస్తోందా అని ఒక్కసారి అడిగావా?"

"నాకేం తెలుసు?"

"నీకు కనపడేట్టు పిల్ల మొహం ఉబ్బాలి. అప్పుడొచ్చి కర్ర తీశావు. ఆ వాపు వీడిది కాదని తెలియగానే భోజనం పెట్టమన్నావు. వదులన్నయ్యా. నీ కోపం నాకు అక్కర్లేదు. నువ్వు పక్కకి జరిగితే నేను కారెక్కుతాను."

క్రుమ్ చేతులు వదిలి లేచాడు. దోయ్చిన్ నేల మీదే పక్కకి తిరిగి కక్కుకున్నాడు. గీనా తప్ప ఎవరూ అతని దగ్గరికి వెళ్ళలేదు. క్రుమ్ అరచేతులకి అంటిన పిండిని ప్యాంటుకి తుడుచుకుంటూ, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడ్డాడు. మేం కారు తీసేటప్పటికీ అలాగే ఉన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి మొదటి మందు ఎక్కించారు. వార్డు డాక్టరు మమ్మల్ని ముందే హెచ్చరించాడు. ఎంత వేగంగా పెరిగిందో అంత వేగంగా చస్తుందట. కోట్ల కణాలు ఒక్కసారిగా పగిలితే, లోపలున్న చెత్తంతా నెత్తుటిలో కలిసి మూత్రపిండాలని చంపేయగలదట. అందుకని సెలైను ఆగకుండా ఎక్కిస్తూ, గంటగంటకీ మూత్రం కొలిచి రాయాలి. ఆ కొలత పాత్ర నాకు ఇచ్చారు. ఇంట్లో టమాటా రసమైనా, వెనిగరైనా గీత మీదకి కన్ను పెట్టి కొలిచే అలవాటు నాకుంది. నర్సులు తర్వాత సరిచూడడం మానేశారు.

రెండో రోజు బిల్యానాకి జ్వరం, వాంతులు, నోరంతా పుండ్లు. ఒకసారి సూది పీకేసుకుని నర్సు చెయ్యి కొరికింది. నలుగురం పట్టుకోవాల్సి వచ్చింది. నేను పట్టుకున్న భుజం కింద ఆ పక్కటెముకలు తగిలాయి. కొంచెం ఎత్తుగా ఉన్నాయి. ఎన్నిసార్లు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నానో, ఒక్కసారీ నా చేతికి తెలియలేదు.

నాలుగో రోజుకి దవడ సగానికి తగ్గింది. నెవెనా ప్రాసిక్యూటరు దగ్గర వాంగ్మూలం ఇవ్వడానికి వెళ్ళింది. పిల్ల మంచం మీద పడుకుని నేను పాత్రలో గీత చూస్తుంటే నన్నే చూస్తోంది.

"పెద్దమ్మా."

"ఊ."

"నేను సూది పారేస్తే నాన్న కొట్టాడు కదా. అందుకే ఇది వచ్చిందా?"

"కాదు. నువ్వు సూది పారేసినా, పారేయకపోయినా వచ్చేది. నీ లోపల ఒక చిన్న కణం ఒక ముక్కని తప్పుగా అతికించుకుంది. ఎవరూ చెయ్యలేదు."

"నాన్న కూడా చెయ్యలేదా?"

"ఇది చెయ్యలేదు."

ఆలోచించింది. వాపు తగ్గిన వైపు నాలుకతో తడుముకుంది. "అయితే నన్ను కొట్టడం తప్పు కాదా మరి?"

"తప్పే."

"ఇది రాకపోయినా?"

"ఇది రాకపోయినా తప్పే. ఇది రాకముందు కూడా తప్పే."

"మరి అప్పుడు ఎవరూ ఏమీ అనలేదే."

రెండు వందల నలభై మిల్లీలీటర్లు. పట్టికలో రాశాను. పెన్ను పక్కన పెట్టి, "అనలేదు," అన్నాను. "నేను కూడా అనలేదు."

పిల్ల నీళ్ళు కావాలంది. తలకింద చెయ్యి పెట్టి లేపి తాగించాను.